జలపాతానికి లొకేషన్ ఒక్కటే సరిపోదు గురూ!

జులై వచ్చిందంటే చాలు, మన ఐటీ జనాభాకి ఒక రోగం పట్టుకుంటుంది. గురువారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎవరో ఒకాయన ఆఫీసు గ్రూపులో ముప్ఫై సెకన్ల వీడియో ఒకటి పడేస్తాడు. పచ్చటి కొండ, తెల్లటి నీళ్ళు, వెనకాల ఏదో పాట, పైన "ఎవరికీ తెలియని జలపాతం" అని పెద్ద అక్షరాలు. ఇక చూస్కోండి, కింద వరసపెట్టి ఒకటే మాట: "లొకేషన్ ప్లీజ్", "బ్రో లొకేషన్", "మామా లొకేషన్ పెట్టరా".

ముందు ఆ "ఎవరికీ తెలియని" అన్న ముక్క దగ్గరే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ కొండ కింద తరతరాలుగా కాపురముంటున్న కోయవాళ్ళూ, కొండరెడ్లూ, గోండులూ "ఎవరూ" లెక్కలోకి రారన్నమాట! వాళ్ళ పశువులు రోజూ అక్కడే నీళ్ళు తాగుతాయి. కానీ మనం వెళ్ళి సెల్ఫీ దిగేదాకా దాన్ని ఎవరూ కనుక్కోనట్టే లెక్క.

సరే, అది పక్కన పెడదాం. అసలు గొడవ ఆ "లొకేషన్" అన్న ప్రశ్నతోనే. ఏ గ్రూపులో చూసినా ఒక్కరంటే ఒక్కరు కూడా "ఆ వాగు ఎక్కడ పుడుతుంది? పైన వాన పడుతోందా? ఆ ఊళ్ళో ఎవర్ని అడగాలి?" అని అడిగిన పాపాన పోలేదు. మ్యాపులో ఎర్ర చుక్క దొరికితే జలపాతం దొరికినట్టే అనుకుంటున్నాం. ఈ ఒక్క అజ్ఞానం ఏటా మనుషుల్ని మింగుతోంది. ఆ పోయేవాళ్ళలో ఎక్కువమంది మన వయసువాళ్ళూ, మనకన్నా చిన్నవాళ్ళూ. అందుకే ఈ గోల.

గోల్కొండ కోట ఒక స్థలం. ఇవాళ చూసిన గోడ రేపూ అక్కడే ఉంటుంది. జలపాతం అలా కాదు. పైన ఎక్కడో కొండల మీద కురిసిన వాన కిందికి దిగే దారిలో అదొక మెట్టు, అంతే. పొద్దున పదింటికి మీరు చూసిందీ, మధ్యాహ్నం రెండింటికి ఉండేదీ ఒకటే జలపాతం అన్న గ్యారంటీ లేదు. వీడియో తీసినవాడు ఏ నెలలో తీశాడో, పైన ఎన్నాళ్ళ నుంచి ఎండ కాస్తోందో మీకు తెలీదు. అంటే మీ చేతిలో ఉన్నది పాత డేటా. పాత డేటా నమ్ముకుని ప్రొడక్షన్‌లో చెయ్యి పెట్టేవాణ్ణి మనం ఏమంటామో నేను చెప్పక్కర్లేదు. శుక్రవారం సాయంత్రం చిన్న మార్పు కూడా రిలీజ్ చెయ్యనివ్వని మనవాళ్ళు, శనివారం పొద్దున్నే పైన ఏం జరుగుతోందో తెలీని వాగులో నడుముల్లోతు దిగుతారు. అక్కడ రోల్‌బ్యాక్ లేదు నాయనా!

మనం ఇంజనీర్లం కదా, ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక వాగులోకి పది చదరపు కిలోమీటర్ల కొండప్రాంతం నీళ్ళు దిగుతాయనుకోండి. అటు మూడు, ఇటు మూడు చిల్లర కిలోమీటర్లు, పెద్ద లెక్కేం కాదు. అక్కడ గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడింది. సగం నేల తాగేసిందనే అనుకుందాం. మిగతా సగం 2 లక్షల 50 వేల ఘనపు మీటర్లు, అంటే 25 కోట్ల లీటర్లు. అది గంటసేపట్లో దిగిందంటే సెకనుకి దాదాపు 70 టన్నులు. మన కాలనీలకి వచ్చే పదివేల లీటర్ల టాంకర్లు సెకనుకి ఏడు చొప్పున మీ నెత్తిన కుమ్మరించినట్టు. రాతి కొండల మీద, నిట్రంగా ఉన్న వాలులో ఈ నీళ్ళు కిందికి రావడానికి రోజులు పట్టవు. చిన్న వాగులకైతే నిమిషాలు చాలు. విచిత్రమేమిటంటే ఆ టైములో మీరు నిలబడ్డ చోట ఫెళ్ళున ఎండ కాస్తూ ఉండొచ్చు. నీరు పల్లమెరుగు అని మన పెద్దాళ్ళు ఊరికే అన్లేదు. దానికి దాని దారి తెలుసు. మనకే తెలీదు.

ఇంకో సంగతి. ఆదిలాబాద్ జిల్లా నేరడిగొండ మండలంలో కడెం నది మీద కుంటాల ఉంది, సుమారు 45 మీటర్ల ఎత్తు. అక్కడి రాతి గుహలో సోమేశ్వరుడు ఉంటాడు. జనం ఆయన్ని చూడ్డానికి ఎప్పుడు వెళ్తారు? శివరాత్రికి. ఇటు శేషాచలం అడవుల్లో తలకోన, దగ్గర దగ్గర 270 అడుగులు. అక్కడి సిద్ధేశ్వరుడికి జాతర ఎప్పుడు? అదీ శివరాత్రికే. అంటే మాఘమాసం చివర, నీళ్ళు తగ్గి బండలు పైకి తేలే రోజుల్లో. ఇది కావాలని పెట్టుకున్నారో, దేవుడి తిథి అలా కలిసొచ్చిందో నేను వాదించను. కానీ అడవి పక్కనే పుట్టి పెరిగినవాళ్ళు నీళ్ళు తగ్గాక జలపాతం దగ్గరికి దిగుతుంటే, జన్మలో చెరువులో కాలు పెట్టని మనం మాత్రం సరిగ్గా జులై, ఆగస్టుల్లో నీళ్ళు ఉరుముతున్నప్పుడే దాని కిందకి దూరాలి. ఎందుకంటే ఫోటో బాగొస్తుంది!

ఇవన్నీ పుస్తకం కబుర్లనుకుంటే మూడు సంఘటనలు గుర్తు చేస్తా.

2014 జూన్‌లో హైదరాబాదు నుంచి హిమాచల్ వెళ్ళిన ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, వాళ్ళతో వెళ్ళిన టూరు నిర్వాహకుడొకరు బియాస్ నదిలో కొట్టుకుపోయారు. అది జలపాతం కాదు, అక్కడ వానా లేదు. పైనున్న లార్జీ డ్యాము నుంచి నీళ్ళు వదిలారు. ముందుగా సరైన హెచ్చరిక చెయ్యకపోవడం డ్యాము నడిపేవాళ్ళ నేరమే, అందులో అనుమానం లేదు. అయితే మనం నేర్చుకోవాల్సింది కూడా ఒకటుంది. పిల్లలు నిలబడ్డ బండల మీద నుంచి చూస్తే పైన ఏం జరుగుతోందో కనపడదు. కొండవాగైనా నదైనా ఇదే సంగతి.

2024 సెప్టెంబరులో మారేడుమిల్లి అడవిలో జలతరంగిణి జలపాతం దగ్గరికి ఏలూరు నుంచి వైద్య విద్యార్థులు వెళ్ళారు. ఉన్నట్టుండి నీళ్ళు పెరిగాయి. అయిదుగురు కొట్టుకుపోతే ఇద్దరు బతికి బయటపడ్డారు, ముగ్గురు చనిపోయారు. డాక్టర్లు కావాల్సిన పిల్లలు. తెలివి లేనివాళ్ళు కాదు, చదువు రానివాళ్ళు కాదు. ఆ వాగు భాష రానివాళ్ళు, అంతే.

మూడోది నాకు అన్నిటికన్నా ఎక్కువ గుచ్చుకునేది. 2023 జులై 26. ములుగు జిల్లా వీరభద్రవరం దగ్గర అడవిలో ముత్యంధార చూడ్డానికి వెళ్ళినవాళ్ళు 80 మంది దాకా తిరిగి రాలేక చిక్కుకుపోయారు. వెళ్ళేటప్పుడు దాటిన వాగు వచ్చేటప్పుడు దాటనివ్వలేదు. ఎన్డీఆర్‌ఎఫ్ వాళ్ళు రాత్రికి రాత్రి అడవిలోకి వెళ్ళి అందర్నీ ప్రాణాలతో బయటికి తెచ్చారు. ఆ జవాన్లకి దణ్ణం పెట్టాలి.

కానీ అదే 24 గంటల్లో అదే జిల్లాలో ఇంకా ఏం జరిగిందో చూడండి. లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. హైదరాబాదుకి ఏడాది మొత్తం కలిపి పడేది 800 పైచిలుకు, అక్కడ ఒక్క రోజులో అంత! ఏటూరునాగారం మండలం కొండాయి మీద జంపన్నవాగు విరుచుకుపడి ఊరిజనం కొట్టుకుపోయారు. పక్కనే భూపాలపల్లి జిల్లాలో మోరంచపల్లి మునిగిపోతే జనం ఇళ్ళ కప్పులెక్కి ప్రాణాలు అరచేతిలో పెట్టుకు కూర్చుంటే హెలికాప్టర్లు రావాల్సొచ్చింది. దీనివల్లే అది జరిగిందని నేననడం లేదు, అలా అనడం అన్యాయం. నా ప్రశ్న వేరు. ఊరు వదిలి పోవడానికి ఇంకో చోటు లేనివాళ్ళకి వరద వస్తే అది వాళ్ళ ఖర్మ. సెలవు పెట్టి, కారేసుకుని, భారీ వానలని ఊరూవాడా హెచ్చరికలు మోగుతుండగా వరదకి ఎదురెళ్ళేవాళ్ళని ఏమనాలి? రక్షించే చేతులు లెక్కకి తక్కువే ఉంటాయి బాబూ. మనం సరదాకి వెళ్ళి వాడుకున్న ప్రతి పడవా, ప్రతి తాడూ ఆ రాత్రి ఇంకెవరికో అవసరమై ఉండొచ్చు.

ఈ మాటలంటే వెంటనే వచ్చే సమాధానాలు నాకు కంఠతా వచ్చేశాయి. ఒక్కోదానికి జవాబు చెప్తా.

"నాకు ఈతొచ్చు". అపార్ట్‌మెంటు స్విమ్మింగ్ పూల్లోనా? పైనుంచి పడే నీళ్ళు కింద రాయిని తొలిచి గుండం చేస్తాయి. లోతెంతో పైకి కనపడదు. తెల్లగా నురగ కక్కుతున్న నీళ్ళలో సగం గాలే, అది మనిషిని తేల్చదు. పడిన నీరు కింద సుడి తిరిగి మళ్ళీ ధార కిందికే లాగుతుంది. పాచి పట్టిన బండ మీద కాలు జారితే తల ముందు రాయికి తగులుతుంది, ఆ తర్వాత ఈతొచ్చినా రాకపోయినా ఒకటే.

"టికెట్ కొన్నాం, భద్రత వాళ్ళ బాధ్యత". ఒప్పుకుంటా, టికెట్ తీసుకున్నవాడికి బాధ్యత ఉంది. మరి వాళ్ళు కట్టిన తాడు దాటి వెళ్ళి ఫోటో దిగి, "అక్కడికి ఎవడూ వెళ్ళలేదు, మనమే వెళ్ళాం" అని సోమవారం పొద్దున కాఫీ మిషను దగ్గర గొప్పలు చెప్పుకునే మహానుభావుల సంగతేంటి? అలాంటివాళ్ళు మా ఆఫీసులోనే ఉన్నారు, మీ ఆఫీసులోనూ ఉంటారు.

"రోడ్డు మీదా చస్తున్నారుగా". చస్తున్నారు. కానీ రోడ్డు మీద పడితే 108 వస్తుంది. మన్యంలో ఇప్పటికీ దారి లేని ఊళ్ళలో గర్భిణుల్ని డోలీ కట్టి భుజాల మీద మోసుకొస్తున్నారు. మీకు అక్కడ కాలు విరిగితే మోసేది కూడా ఆ భుజాలే. శవమైనా మోసేది వాళ్ళే. గుండంలోకి దిగి వెతికేదీ ముందు ఆ ఊరి కుర్రాళ్ళే. సిగ్నల్ లేనిచోట మీ ఫోను లాంతరుకి తప్ప ఎందుకూ పనికిరాదు.

"అడవి అందరిదీ". నిజమే, అందుకేగా బీరు సీసాలు బండకేసి కొట్టి వస్తున్నాం! ఆ గాజుపెంకు గుచ్చుకునేది చెప్పుల్లేకుండా నడిచే పిల్లల కాళ్ళకీ, పశువుల కాళ్ళకీ. బిర్యానీ ప్లేట్లూ, షాంపూ నురగా కలిసే ఆ వాగు నీళ్ళనే కింద ఊళ్ళో తాగేవాళ్ళున్నారు. తా చెడ్డ కోతి వనమెల్లా చెరిచిందని సామెత. ఆ కోతి కనీసం అడవిలోనే పుట్టింది, మనకి ఆ హక్కు కూడా లేదు.

ఇదంతా విని "అయితే మూసెయ్యండి, పీడా పోతుంది" అనేవాళ్ళున్నారు. మన అధికారులకీ ఇష్టమైన మందు ఇదే. మనిషి పోగానే గేటుకి తాళం, ఒక ఫ్లెక్సీ, నాలుగు రోజులు పోలీసు కాపలా. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం. ఐదో రోజు జనం పక్క దారిలో వెళ్తారు. 2023 జులైలో గోవాలో మనుషులు మునిగి చనిపోయాక ప్రభుత్వం జలపాతాలకి వెళ్ళొద్దని నిషేధం పెట్టింది. ఏమైంది? ఆదివారం వందలమంది రైలెక్కి వెళ్ళి, పట్టాల వెంబడి దూధ్‌సాగర్‌కి నడక మొదలెట్టారు. రైల్వే పోలీసులు పట్టుకుని గుంజీలు తీయించారు. నవ్వొచ్చే సంగతే, కానీ ఆలోచిస్తే ఏడుపూ వస్తుంది. గేటు దగ్గర ఆపితే పట్టాల మీదకి వెళ్ళే రకాలం మనం.

పైగా గేటు మూస్తే మనకి పోయేది ఒక వీకెండు. అక్కడ బొంగు చికెన్ అమ్ముకునేవాడికి పోయేది ఆ సీజను మొత్తం.

మరి ఏం చెయ్యాలి? నా దృష్టిలో జవాబు కొత్తదేం కాదు, చాలా పాతది. తెలిసినవాణ్ణి అడగడం, అతను చెప్పింది వినడం, దానికి డబ్బులివ్వడం.

రెండేళ్ళ కిందట మారేడుమిల్లి వైపు ఒక వాగుకి వెళ్ళినప్పుడు మాతో ఒక కొండరెడ్డి పెద్దాయన వచ్చాడు. మేం బండ మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటే ఆయన నీళ్ళకేసే చూస్తున్నాడు. కాసేపటికి "ఇంక లెగండి బాబూ, నీళ్ళు రంగు మారతన్నాయి" అన్నాడు. నాకైతే ఏ రంగూ కనపడలేదు. మాలో ఒకడు "ఇంకో అరగంట తాతా" అని బేరం పెట్టాడు. ఆయన వాదించలేదు. తువ్వాలు భుజాన వేసుకుని "నేనెల్లిపోతన్నా" అని నడక మొదలెట్టాడు. చచ్చినట్టు అందరం లేచాం. పైకొచ్చి టీ తాగేసరికి మేం కూర్చున్న బండ నీళ్ళలో ఉంది. పెద్ద వరదేం కాదు, బండ మునిగింది, అంతే. కానీ ఆ బండ మీద నుంచి గట్టుకి మధ్యలో ఉన్న పాయ దాటడం అప్పుడు ఎవరివల్లా అయ్యేది కాదు.

నీళ్ళు మట్టిరంగుకి తిరగడం, ఆకులూ పుల్లలూ కొట్టుకురావడం, చప్పుడు లావెక్కడం. ఈ మూడూ ఆయన చిన్నప్పటి నుంచి చదువుతున్న లాగులు. మనం సర్వరు లాగులు చదివి లక్షలు తీసుకుంటాం. ఆయన అడిగింది 500. దానికి మావాడు 300 అని బేరం ఆడాడు! మల్టీప్లెక్సులో పాప్‌కార్న్‌కి నోరెత్తకుండా కట్టే చెయ్యి, ప్రాణం కాపాడిన మనిషి దగ్గర బేరమాడుతుంది. మన చదువుకి ఇంతకన్నా సిగ్గుచేటు ఏముంది?

ప్రభుత్వాలకి నా డిమాండు ఇది. ఏడాదికోసారి గేట్లు మూసి ఊరుకోవద్దు. వానల్లో ప్రతి జలపాతానికీ ఊరివాళ్ళనే గైడ్లుగా పెట్టి, గైడు లేకుండా నీళ్ళ దగ్గరికి వదలొద్దు. పైన వాగు పక్క ఊళ్ళో ఒకరికి వైర్‌లెస్ సెట్టు ఇచ్చి, నీళ్ళు పెరిగితే కింద ఈల మోగేలా చెయ్యండి. బండ మీద ఎర్ర గీత గీయండి, నీళ్ళు గీత తాకితే అందరూ బయటికి. దీనికి శాటిలైట్లక్కర్లేదు, పెయింటు డబ్బా, జీతం చాలు. టికెట్ డబ్బులు ఆ ఊరికే చెందాలి. మారేడుమిల్లి దగ్గర వాలమూరులో వనసంరక్షణ సమితి పేరుమీద గిరిజనులే అడవిలో యాత్రికుల విడిది నడిపారు. కాబట్టి వాళ్ళకి చేతకాదనే మాట చెల్లదు.

ఇక మనకి. వాతావరణ శాఖ హెచ్చరిక ఉన్నరోజు టీమ్ అవుటింగు రద్దు చెయ్యండి, మేనేజరు మొహం మాడినా సరే. మందు తాగినవాణ్ణి నీళ్ళ దగ్గరికి రానివ్వొద్దు. వెళ్ళేటప్పుడు దాటిన ప్రతి వాగుకీ, వచ్చేటప్పుడు అది పొంగితే ఏంటని ముందే అడగండి. గైడు లేవమంటే లేవండి, కారణం తర్వాత అడగొచ్చు. ఆయన అడిగినంత ఇవ్వండి.

ఇది చదివి కొందరికి కాలుతుందని తెలుసు. కాలనివ్వండి. నీళ్ళలో మునగడం కన్నా అది నయం.

ఈ వానాకాలం ఎవరైనా "లొకేషన్ ప్లీజ్" అంటే ఎర్ర చుక్క పంపకండి, ఆ ఊళ్ళో గైడు ఫోన్ నంబరు పంపండి. అది మీ దగ్గర లేదా? అయితే ఏమీ పంపకండి.